ఉప్పు తీసిన నీళ్ళు

నేను కోసిన కోతల్లో దేనికీ రెండు టీలకు మించి ఆయుష్షు ఉండేది కాదు. కళింగపట్నం దగ్గర సొరచేప నా లుంగీ లాక్కుని తనే కట్టుకుపోయిందన్నా, జనం నవ్వేసి గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయేవారు. ఇదొక్కటే చావలేదు.

మా పేటలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మూడేళ్ళ కిందట ఒక సేవా సంస్థ వాళ్ళు వలలు కుట్టే పాక పక్కన షెడ్డు వేసి, నీళ్ళు శుద్ధి చేసే మిషను పెట్టారు. వాళ్ళ తరఫున ఒక కళ్ళజోడు అమ్మాయి ఇంటింటికీ తిరిగింది. గ్లాసులో పెన్నులాంటి మీటరు ముంచి, "ఇందులో ఉప్పంతా మా మిషను తీసేస్తుందండీ" అని ఓపిగ్గా చెప్పింది. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర నా నాలుక ఊరుకోలేదు.

"ఉప్పు తీసిన నీళ్ళు తాగితే మడిసికి రోషం ఏటి మిగుల్తాదిరా? పక్కూరోడు నెల్రోజులు తాగాడు. ఆడి వల ఎవడో ఎత్తుకుపోతంటే, మడతెట్టి మరీ అందించాడంట!"

అందరూ పగలబడి నవ్వారు. వారం తిరిగేసరికి అది మా పిన్ని దగ్గరికి నిజమై చేరింది.

అమ్మ పోయాక నాకు అన్నం పెట్టిన మనిషి మా పిన్ని. ఒంటరిది. ఎండుచేపల బుట్ట ఎత్తుకుని బస్సెక్కి రాజాం పోయి అమ్ముకొస్తుంది. బుట్టకు చోటివ్వని కండక్టరుతో, సగానికి బేరమాడే వాళ్ళతో రోజూ తగువే. రోషమే ఆవిడ పెట్టుబడి. ఆ షెడ్డు గుమ్మం తొక్కలేదు.

పోయిన ఏడాది ఆవిడ కాళ్ళు వాచాయి. శ్రీకాకుళం తీసుకెళ్తే, కిడ్నీలు దెబ్బతింటున్నాయని, బోరు నీళ్ళు ఇక ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. సరేనని తలూపింది. ఇంటికి రాగానే గ్లాసు మళ్ళీ బోరునీళ్ళ బిందెలోనే ముంచింది.

"పిన్నీ, డాక్టరేటి సెప్పాడు?"

"ఆడికేటి, బేరాలాడాలా? రోషం పోతే రాజాం ఏ మొకంతో ఎల్తానురా?"

"అది నేనాడిన అబద్ధం పిన్నీ. సరదాకన్నాను."

"అబద్ధమాడినప్పుడు నువ్వు నా కళ్ళల్లోకి సూడవు. ఇప్పుడూ సూడ్డం లేదు."

సిగ్గుతో చూడలేకపోయానని ఎలా చెప్పను?

మర్నాడు షెడ్డు నుంచి క్యాను మోసుకొచ్చి, ఆవిడ ఎదురుగా రెండు గ్లాసులు గటగటా తాగాను.

"రోజూ ఇయ్యే తాగుతన్నాను. నా రోషానికేటయింది?"

"సూద్దాం" అని పిన్ని కొంగు బిగించింది. "పనిలేని సచ్చినోడా! పెళ్ళాం సంపాదన తిని టీ కొట్టుకాడ కోతలు కోసీ ఎదవా! మీయమ్మ నిన్ను కనే బదులు కొబ్బరి మొక్కెట్టుంటే కాయలైనా కాసీది!"

చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. ఒక్క ఎదురుమాట అంటే చాలు, ఆవిడ గ్లాసు అందుకునేది. మాటలకు ఏనాడూ కరువు లేని నోరు నాది. కానీ నా చూపు ఆవిడ పాదాల మీద పడింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయే పాదాలు. ఆ తిట్లు నాకు చాలవనిపించింది. తల దించుకున్నాను.

"సూశారా, ఈడికి ఉప్పు తీసీసినారు" అంది పిన్ని. గెలిచినట్టు కాదు, జాలిగా అంది.

ఇప్పటికీ పొద్దున్నే రెండు క్యాన్లు ఆవిడ గుమ్మంలో దింపి వస్తున్నాను. వాటితో బుట్టలు కడుగుతోంది. "ఉప్పులేని నీళ్ళు కదా, బాగా తెల్లబడతన్నాయిరా" అంటుంది.

మొన్న షెడ్డు దగ్గర కళ్ళజోడు అమ్మాయి ఆగి, "పెద్దావిడ తాగుతున్నారు కదండీ?" అని సంతోషంగా అడిగింది.

"తాగుతందమ్మా" అన్నాను, ఆమె చేతిలోని మీటరు వైపు చూస్తూ.