వడ్ల మీదికెక్కిన కారు

మా అమ్మాయికి లైసెన్సు చేతికొచ్చిన వారానికి, ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ ద్వారా ఒక పాత కారు కొన్నాను. చిన్నది, తెల్లది. ఎడమవైపు తలుపు గట్టిగా లాగితే తప్ప పడేది కాదు. కాలేజీకి బస్సులో నిలబడి వెళ్ళే బాధ తప్పుతుందని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి వేరు. మా వైపు ఆడవాళ్ళెవరూ అప్పటిదాకా కారు నడపలేదు. నా కూతురు నడుపుతుంటే పక్కన కూర్చుని నలుగురికీ కనబడాలని నా సరదా.

ఆ సరదా రెండు రోజుల్లో తీరిపోయింది. పిల్ల నడపడం బాగానే ఉంది, బాగా లేనిది నేనే. పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకును కుడికాలితో తొక్కేవాణ్ణి. బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో అడ్డమొస్తే ఊరంతా వినపడేట్టు అరిచేవాణ్ణి. తను మాత్రం పెదవి బిగించి, అద్దాలు చూసుకుని, మెల్లగా తప్పించుకుని బయటపడేది. రెండుసార్లు కంగారులో స్టీరింగ్ మీద చెయ్యి వేశాను కూడా. చెయ్యి తియ్యి నాన్నా అని రెండుసార్లూ నెమ్మదిగానే చెప్పింది. నాన్న పక్కన లేకపోతే నాకసలు భయమెయ్యదని వాళ్ళమ్మతో అన్నదట. మా ఆవిడ ఆ మాట నాకు చెప్పి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ఆ డిసెంబరులో చల్లపల్లి అవతల బంధువుల ఇంట గృహప్రవేశం. మా ఆవిడ ముందురోజే వెళ్ళింది. మేమిద్దరం పొద్దున్నే కారులో బయల్దేరాం. వరికోతలు అయిన రోజులు. మిషను కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. వాటిని ఎండబెట్టడానికి ఒకప్పుడు కళ్ళాలుండేవి, ఇప్పుడా జాగాల్లో ఇళ్ళు లేచాయి. అందుకని రైతులు సగం రోడ్డు మీద బరకాలు పరిచి వడ్లు ఆరబోస్తారు. బళ్ళు ఎక్కకుండా అంచున రాళ్ళు పెడతారు. మిగిలిన సగంలోనే వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ సర్దుకోవాలి. నేనూ రైతు ఇంట పుట్టినవాణ్ణే కాబట్టి అందులో తప్పేమీ కనపడేది కాదు. జాగ్రత్తగా పొమ్మని దారి పొడుగునా పిల్లకి వందసార్లు చెప్పాను.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. వాన పడేలోపు ఎంత ఆరితే అంత నయమని రోడ్డు మీద అందరూ హడావిడిగా ఉన్నారు. ఒకచోట మా వైపు సగమంతా వడ్లే. వాటి మధ్య నా వయసు మనిషి ఒకాయన కాళ్ళతో వడ్లు తిరగేస్తున్నాడు. ఎదురుగా బస్సు వస్తోంది. మా అమ్మాయి అప్పటికే వేగం తగ్గించింది. రాళ్ళకి ఇవతలే ఆగి, బస్సు పోయాక వెళ్దామని తన ఉద్దేశం. నాకు బస్సు తప్ప ఇంకేమీ కనపడలేదు. చెయ్యి చాచి స్టీరింగ్ నా వైపుకి లాగేశాను.

కారు రాళ్ళు దాటి వడ్ల మీదికెక్కింది. పిల్ల బ్రేకు తొక్కింది గానీ వడ్ల మీద చక్రాలు జారాయి. ఆయన పక్కకి గెంతబోయాడు, ఒక కాలు వెనకబడి చక్రం కింద పడింది. ఆ ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను.

పొలాల్లోంచి జనం పరిగెత్తుకొచ్చారు. ఆయన్ని ఆటో ఎక్కించి చల్లపల్లి ఆసుపత్రికి పంపారు. ఒకతను నన్ను చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"ఎవడ్రా నడిపింది?"

"మా అమ్మాయండీ. కొత్తగా నేర్చుకుంటోంది."

చొక్కా మీద చెయ్యి వదులైంది. ఆడవాళ్ళు మా పిల్లని దింపి, గట్టు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. చదువుకునే పిల్ల, కేసులెందుకులే అని ఒక పెద్దాయన అందరికీ సర్దిచెప్పాడు. ఇలాగే జరుగుతుందని నాకు తెలుసు. మగవాడు చేశాడంటే తంతారు, ఆడపిల్ల చేసిందంటే జాలిపడతారు. అది తెలిసే ఆ మాటన్నాను. మా అమ్మాయి నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత, నేను చూసుకోలేదండీ, నన్ను క్షమించండి అని ఆయన భార్య చేతులు పట్టుకుంది.

ఆయన వైద్యమంతా మేమే చూసుకున్నాం. కాలు అతుక్కుంది గానీ మునుపటిలా రాలేదు. ఇప్పుడు కర్ర ఊతంతో నడుస్తున్నాడు. మరుసటి ఏడు కౌలు వదిలేశాడు.

బంధువులు మాత్రం ఏ పెళ్ళిలో కలిసినా ఇదే మాట. ఆడపిల్ల చేతికి కారెందుకిచ్చావంటారు, పోనీలే ప్రాణం పోలేదంటారు. మా ఆవిడ కూడా అంతే, అంత తొందరేమిటే నీకు అని పిల్లని ఎన్నిసార్లు కోప్పడిందో. ప్రతిసారీ నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పితే ఒక్క నిమిషం పని. రేపు చెబుదాం, ఎవరూ లేనప్పుడు చెబుదాం అనుకుంటూనే ఏడాది దాటించాను. నా అంత పిరికివాణ్ణి నేనింకొకర్ని చూడలేదు.

మా అమ్మాయి మళ్ళీ కారు ముట్టుకోలేదు. చివరికి అమ్మేశాం. ఇప్పుడు రోజూ పొద్దున నేనే స్కూటరు మీద తీసుకెళ్ళి బెంజ్ సర్కిల్ దగ్గర కాలేజీ బస్సెక్కిస్తాను. ఎదురుగా పెద్ద బండేదైనా వస్తే వెనకనుంచి నా చొక్కా పట్టుకుంటుంది. ఒకప్పుడు ఆటోల మధ్యనుంచి అంత నిదానంగా బయటపడిన పిల్ల. ఆ పట్టు తగిలినప్పుడల్లా నా ప్రాణం చచ్చిపోతుంది.

మొన్నొక రోజు బస్సు కోసం నిలబడి ఉండగా, ఇక ఆగలేక చెప్పేశాను.

"ఆ రోజు స్టీరింగ్ లాగింది నేనమ్మా. నువ్వు ఆపేదానివే."

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలో దారంతా మనసులో అనుకుంటూ వచ్చాను కూడా.

"కాదు నాన్నా, బస్సుని చూసి నేనే ఎడమకి తిప్పేశాను. నాకు బాగా గుర్తుంది."

"నా చెయ్యి స్టీరింగ్ మీద ఉందమ్మా. నేనే లాగాను."

"నాకోసం నువ్వలా చెప్పక్కర్లేదు నాన్నా. తప్పు నాదే. నేను ఒప్పుకున్నాను కదా."

బస్సొచ్చింది. నా భుజం తట్టి ఎక్కేసింది. కిటికీ పక్కన కూర్చుని, నన్నే ఓదారుస్తున్నట్టు చెయ్యి ఊపింది. ఆ రోజు కారులో ఉన్నది మేమిద్దరమే. ఇంకెవరిని సాక్ష్యం పిలవను?