ఆకుపచ్చగా వెలిగిన మేక కండ

ఆ రోజుల్లో పీహెచ్‌డీ అంటే ఓపిగ్గా కూర్చుంటే దానంతటదే వచ్చేదనుకునేవాణ్ణి, జుట్టు నెరవడం లాగా. (జుట్టు మాత్రం మాట నిలబెట్టుకుంది.) నా అంశం కండను కరిగించే ఒక ప్రొటీను. బక్కచిక్కిన మేకల్లో అది ఎక్కువగా ఉంటుందా అన్నది ప్రశ్న. దాన్ని పట్టుకోవడానికి విదేశం నుంచి తెప్పించిన యాంటీబాడీ ఒకటి ఉండేది. చుక్క వేస్తే ఆ ప్రొటీనున్న చోటల్లా అతుక్కుని, మైక్రోస్కోపు నీలి కాంతిలో ఆకుపచ్చగా వెలగాలి. నేను వేసినప్పుడల్లా చీకటే కనిపించేది. నా భవిష్యత్తుదీ అదే రంగు. సీసా అడుగున కాస్త మిగిలాక మా గైడు మేడమ్, "ఇదే ఆఖరు. ఈసారీ రాకపోతే టాపిక్ మూసేద్దాం. నీ సీటు సంగతి కూడా ఆలోచించాలి" అన్నారు.

కండ తాజాగా లేకపోవడమే లోపమని తేల్చుకుని, జగ్గయ్యపేటలో ఉండే మా బాబాయికి ఫోన్ చేశాను.

"బక్క మేక తొడ మాంసం కావాలి బాబాయ్."

"బక్కదా? మటన్ కొట్టువాడు నన్ను ఎగాదిగా చూస్తాడ్రా. ఊళ్లో పరువుగా బతుకుతున్నాం!"

అయినా ఆదివారం పొద్దున్నే తెచ్చిపెట్టాడు. నేను ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని విజయవాడలో బస్సెక్కితే, కీసర దగ్గర లారీ అడ్డంపడి ట్రాఫిక్ ఆగిపోయింది. (పక్క సీటాయన డబ్బా చూసి "చేపలా అండి?" అన్నాడు. "ఇంకా లేవండి" అన్నాను.) నందిగామ దాటి పేట చేరేసరికి ఎండెక్కింది. అప్పటికే పిన్ని మాంసం చిన్న ముక్కలు చేసి ఫ్రిజ్‌లో పెట్టి ఉంచింది. ముక్కలు కాస్త పాలిపోయినట్టున్నాయి గానీ, బక్క మేక కదా, నీరసం అనుకున్నాను.

మర్నాడు ల్యాబులో ఆ కండను పల్చగా కోసి స్లయిడ్ల మీద పెట్టి, మిగిలిన యాంటీబాడీ అంతా వేశాను. చూస్తే, కండ కండంతా ఆకుపచ్చటి వెలుగు! గంతులేసి అందరినీ పిలిచాను. మేడమ్ వచ్చి చాలాసేపు చూశారు. ఆవిడ కళ్లు చెమర్చాయి. (జలుబట.) తర్వాత, "యాంటీబాడీ వేయని స్లయిడేదీ?" అన్నారు. పెట్టి చూశాం. అదీ అంతే వెలిగింది. ఆవిడ నాకేసి కాదు, సీసాకేసి చూశారు. ఖాళీ.

వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాను.

"పిన్నీ, ఆ మాంసానికి ఏమైనా చేశావా?"

"ఏం చేస్తా నాయనా! ఉప్పూ పసుపూ పట్టించి కడిగా. ఎక్కడైనా పసుపెయ్యకుండా మాంసం ఫ్రిజ్‌లో పెడతారా? నీచు వాసన రాదూ?"

"నీలి లైటులో పసుపు వెలుగుతుంది పిన్నీ."

"మంచిదేగా!" అంది.

టాపిక్ మూసేశారు. నేను ఇంకొకటి అడగలేదు, మేడమ్ ఇవ్వలేదు. ఇద్దరం మర్యాదస్తులం. ఇప్పుడు నందిగామలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. నా పరిశోధన మొత్తంలో నిస్సందేహంగా రుజువైంది ఒక్కటే, మా పిన్ని మాంసం శుభ్రంగా కడుగుతుందని. ఆ స్లయిడు ఫొటో మాత్రం దాచుకున్నాను. అప్పుడప్పుడు తెరిచి చూస్తే, మేడమ్ రాకముందు మైక్రోస్కోపుకి కళ్లు అతికించుకుని నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాడి భుజం తట్టి నిజం చెప్పాలనిపించదు. చూడనీ, ఇంకాసేపు.