కోళ్లకు అరగని ఎరుపు

ఉద్యోగ విరమణకు కొంచెం ముందు, ఒక ఎండాకాలం, కంపెనీ నన్ను స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి చిన్న నాచు కర్మాగారానికి నాణ్యత విభాగం మేనేజరుగా పంపింది. అక్కడ పెంచేది హిమటోకాకస్ అనే సూక్ష్మమైన నాచు. ఎండ ముదిరి, నీళ్లలో పోషకాలు తగ్గితే అది మందమైన గోడ కట్టుకుని లోపల అస్టాజాంతిన్ అనే ఎర్రటి రంగును దాచుకుంటుంది. దాన్ని కోళ్ల దాణాలో కలిపితే గుడ్డు సొనకు మంచి రంగు వస్తుంది. గోడ పగలకపోతే మాత్రం కోడికి ఏమీ అందదు. పగలగొట్టడానికి బీడ్ మిల్లు ఉంటుంది. గాజుపూసల మధ్య నాచు ముద్దను గిరగిరా తిప్పే యంత్రం అది.

కొడకండ్లలో కోళ్లు పెంచే రాజక్కకు పొడి ఇచ్చి పెట్టి చూడమన్నారు. వారాలు గడిచినా సొన పాలిపోయే ఉంది. మా ల్యాబు రిపోర్టులో చూస్తే పొడి నిండా రంగే. ఇంకేముంది, ఆమె పొడిని బయట అమ్ముకుందని ప్రొడక్షన్ మేనేజరు నలుగురిలో తేల్చేశాడు. ఆ మాట ఊళ్లో పాకి ఆమె దగ్గర గుడ్లు కొనేవాళ్లు కూడా తగ్గిపోయారు. రుజువు లేని ఆ నిందకు నాకు ఒళ్లు మండింది.

నేను వెళ్లేసరికి ఆమె షెడ్డు ఊడుస్తోంది. కూర్చోమని కూడా అనలేదు.

"నా కోళ్లను మీ కాడికే కొంటవోయి మేపున్రి సార్. గప్పుడు గూడ రంగు రాకుంటే ఎవ్వల్ని దొంగంటరు?" అంది.

తల దించుకుంటే రెట్టలు కనిపించాయి, అన్నీ ఇటుక రంగులో. కోళ్లు పొడి తిన్నాయి, అరగక వదిలేశాయి.

మైక్రోస్కోపు కింద పొడిలోని కణాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మరి రిపోర్టు? పరీక్ష చేసే షబానా పక్కన నిలబడి చూశాను. రాసి ఉన్న పద్ధతి ప్రకారమే ఆమె పొడిని ఇసుకతో కల్వంలో మెత్తగా నూరి, తర్వాత రంగును బయటికి లాగే ద్రావకం పోస్తోంది. మిల్లు పగలగొట్టని గోడలను పరీక్షే పగలగొడుతోంది. ఎండలకు, మిల్లును చల్లబరిచే బోరు నీళ్లే వేడెక్కాయి; ఆ వేడికి రంగు చెడిపోతుందని ప్రొడక్షన్ వాళ్లు దాని వేగం తగ్గించారు. రిపోర్టు బాగుండడంతో ఎవరికీ అనుమానం రాలేదు.

నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రం పెట్టించి మిల్లును పాత వేగానికి తెచ్చాం. ఇకమీదట నూరకుండా ఒకసారి, నూరి ఒకసారి పరీక్షించమన్నాను. రెండింటికీ ఎంత తేడా ఉంటే అంత రంగు గోడల వెనకే ఉండిపోయినట్టు.

కొత్త పొడిని రాజక్క ముట్టలేదు. "అన్నోడే అచ్చి, గా నలుగుర్లనే చెప్పాలె" అంది. ప్రొడక్షన్ మేనేజరు నసిగి నసిగి చివరికి వెళ్లి చెప్పాడు. ఆ తర్వాతే ఆమె పొడి తీసుకుంది, సొన రంగెక్కింది.

నేర్చుకున్నది ఇంతే. యంత్రం చేయాల్సిన పనిని పరీక్ష చేయకూడదు. చేస్తే యంత్రం తప్పు బయటపడదు, ఎవరో ఒక మనిషి మెడకు చుట్టుకుంటుంది.