వేషంల ఉన్నప్పుడు పేరు పెట్టి పిలువొద్దు

మా చిన్నప్పుడు... బాపు మొకానికి రంగు పూసుకున్నడంటె ఇగ ఆయిన బాపు కాదు, మహారాజు. రంగు కడిగేదాక "బాపూ" అని పిలిస్తె అమ్మ వీపు మీద ఒక్కటి ఇచ్చేది. "వేషం చెడుతదే, ఊరంత నవ్వుతరు" అని.

మాది ఆలేరు దిక్కు పల్లె. మగ్గాల ఇండ్లు. ఎండకాలం వచ్చిందంటె మగ్గం నేసేటోళ్ళే బాగోతం ఆడేటోళ్ళు. బాపు రాజు, పక్కింటి అంజయ్య మామ మంత్రి. అట్ట కిరీటాలు, అద్దాల అంగీలు...

నాకేమొ అప్పటిసందే బుగులు ఎక్కువ. రంగు పోకుంటె ఎట్ల... బాపు గట్లనే రాజుగ ఉండిపోతె మగ్గం ఎవరు నేస్తరు... గిదే ఫికర్. ఆట అయ్యేదాక గుంజ పట్టుకొని నిలవడేదాన్ని.

మామూలు దినాలల్ల బాపు మాట్లాడేటోడే కాదు. పొద్దంత మగ్గం గుంతల కాళ్ళు పెట్టి నేసి నేసి... మాపటికి "దూపైతాంది" అంటడు, నీళ్ళు తాగుతడు, పండుకుంటడు. గంతే. కోపిష్టోడు కాదు... అలిసిపోయిన మనిషి.

ఒకపారి పొద్దుగూకే యాళ్ళకు ఆట మొదలైందో లేదో, నా కాలికి తేలు కుట్టింది. పాణం పోతాంది... అయినా "బాపూ" అనలే, అమ్మ కొడతదని. ఏడ్సుకుంట రాజు ముంగటికి ఉరికి "మహారాజా... తేలు కుట్టింది" అన్న. జనమంత గొల్లున నవ్విండ్రు.

బాపు నవ్వలే. గద్దె దిగిండు. "ఎవరక్కడ! మా రాజ్యమునందు పసిబిడ్డకు తేలు కుట్టెనా! మంత్రీ, మందు తెమ్ము!" అని గొంతు లేపిండు. అంజయ్య మామ "చిత్తం మహాప్రభూ" అనుకుంట ఉరికి, చింతగింజ రాయి మీద అరగదీసి కాలికి అతికిచ్చిండు. బాపు నన్ను ఒళ్ళె కూసోపెట్టుకొని, "వెరవకు తల్లీ, ఈ రాజు ఉండగ నీకేం కాదు" అన్నడు. గొంతు రాజుదే... కాలు ఒత్తే చేతులు మాత్రం బాపువి.

బాపు నన్ను "తల్లీ" అన్నది ఆ ఒక్కపారే.

గిదంత ఇప్పుడెందుకు యాదికొచ్చిందంటె... నా కొడుకు బిడ్డ, నవ్య. పట్నంల చేసే కొలువు పోయి మొన్న వానకాలం ఇంటికొచ్చింది. అప్పటిసంది "ఊఁ", "ఆఁ" తప్ప మాట లేదు. అర్రల కూసొని, చెవులకు డబ్బాలు పెట్టుకొని, కంప్యూటర్ల ఏదో ఆట.

అండ్ల మాత్రం గలగల మాట్లాడతది. "గాయం చూపించు వీరుడా, మూలిక తెచ్చిన" అంటది. ఒకనాడు అవుతల ఎవరో క్రికెట్ ముచ్చట తీసినట్టున్నది... "క్రికెట్టా? మా అడవిల గసొంటి జంతువు లేదు బాటసారీ" అన్నది. నవ్వనే నవ్వది!

పిల్లకు గాలి సోకిందా, తాయత్తు కట్టియ్యాల్నా అని నాకు బుగులు. నా కొడుకు ఇసుక్కున్నడు. "అదొక ఆటనే అమ్మా. ఒక్కొక్కలది ఒక్కో వేషం. ఇది వైద్యురాలు. ఆటల ఉన్నంత సేపు వేషం మాటలే మాట్లాడాలె. నీకు ఫికర్ లేకుంటె బువ్వ అరగదు."

వేషం... ఆ మాటకు బాపు కండ్ల ముంగట నిలవడ్డడు.

తెల్లారి పగటి బువ్వ యాళ్ళ దాటినా పిల్ల ఏం తినలే. నవ్యా, నవ్యా అని పిలిచి పిలిచి నా గొంతు పోయింది. మోకాళ్ళు గుంజుతున్నయి. బువ్వ గిన్నె పట్టుకొని గడప కాడ నిలవడి, "వైద్యురాలా..." అన్న.

గిర్రున తిరిగింది. తిడతదనుకున్న.

"దూరంకెల్లి వచ్చిన ముసలిదాన్ని తల్లీ. మోకాళ్ళు నొస్తున్నయి. ఇగో, బువ్వ తెచ్చిన. తిని మందు చెప్పు."

ఆటల వాళ్ళతోని, "ఆగుండ్రి వీరులారా, మా గూడెం పెద్దవ్వ వచ్చింది" అన్నది. నా దిక్కు తిరిగి, "కూసో అవ్వా. నిద్ర పడతాందా?"

"పడతలేదు."

"దేనికి బుగులు?"

"నాకొక మనుమరాలున్నది తల్లీ. మాట్లాడది. నా మీద కోపమో ఏమో..."

బువ్వ కలుపవట్టింది. నా మొకం దిక్కు చూడలే. "ఆ పిల్లకు కోపం లేదవ్వా. సిగ్గు. నోరు తెరిస్తె కొలువు ముచ్చట అడుగుతరని భయం. ఏం అడగకుంట పక్కన కూసో. గదే మందు."

గిన్నె ఖాళీ చేసింది. నేను గక్కడనే కూసున్న.

అప్పటిసంది రోజూ గూడెం పెద్దవ్వనై పోతున్న. ఒకనాడు మోకాళ్ళు, ఒకనాడు నడుము... అబద్ధం ఆడే పనే లేదు, అన్నీ ఉన్న నొప్పులే. ఆట బంద్ చేసిందంటె మల్ల "ఊఁ", "ఆఁ". నేను అలిసిపోతున్న... ఇంకెన్నాళ్ళుంటనో, దీని రంగు ఎన్నడు దిగుతదో...

నిన్న ఆట ఆపి, చెవుల డబ్బాలు తీసి పక్కకు పెట్టి, వంటింట్లకు వచ్చింది. "అవ్వా... దూపైతాంది" అన్నది.

కడవ దాని పక్కనే ఉన్నది. అయినా నేనే లేసి ముంచిచ్చిన. ఏం అడగలే.

మా కాలంల ఒక్కరు వేషం కడితె చూడనీకి ఊరంత కూడేది. ఇప్పుడు తలుపు దగ్గరేసుకొని కట్టుకుంటున్నరు... మీ ఇండ్లల్ల గూడ వేషంల ఉంటెనే మనసు విప్పేటోళ్ళు ఉన్నరా? ఉంటె రాయుండ్రి. నాకు గింత చిన్న అచ్చరాలు కండ్లకు ఆనయి... మీరు రాసింది వైద్యురాలినే సదివి చెప్పమంట.