లాంచీలో నాలుగో చోటు

చాసిబ్ రెండు నిమిషాలు ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. బస్రా రేవులో ఇరవై ఆరేళ్ళు క్రేను నడిపాడు. తుంటి విరిగి ఇంటిపట్టున పడ్డాక, కుంటుతూనే గదుల్లో పచార్లు చేసేవాడు, గిన్నెల మూతలు తీసి చూసేవాడు, మంచాలు జరిపేవాడు. ఒకరోజు అతని భార్య వఫీకా అతన్ని చెయ్యి పట్టుకుని మా కాఫీ హోటలు గడప దాకా లాక్కొచ్చింది.

"అన్నయ్యా, ఈయన్ని కాసేపు నీ దగ్గరుంచుకో. నా ప్రాణం తోడేస్తున్నాడు," అంది నాతో.

నేను అదే రేవులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. రోజూ ఆ హోటల్లో చదరంగం ఆడతాను. నాకు ఓపిక తక్కువ, నోరెక్కువ. అయినా నేర్పడానికి ఒప్పుకున్నాను, నా ఖర్మ.

గుర్రం నడక ఒక్క పూటలో పట్టేశాడు. బంటు వెనక్కి రాదన్న మాట మాత్రం మింగుడు పడలేదు.

"తప్పుచోట దింపిన పెట్టెని మళ్ళీ ఎత్తనా ఏంటి? ఇదెక్కడి ఆటన్నా?"

"ఇది నీ క్రేను కాదు నాయనా. అందుకే దింపేముందు చూసుకోమనేది."

ముందు నడిమి గడులు పట్టు, గుర్రాలు బయటికి తియ్యి, రాజుని కోట చాటున దాచు, మంత్రిని తొందరపడి ఊరేగించకు అని అతని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. బల్ల కింద అతని మోకాలు ఊగుతూంటే పైన నా టీ తొణికేది.

"ఆ కాలు ఆపకపోతే నరికేస్తాను."

"నరుకన్నా. సగం పని దేవుడే చేసిపెట్టాడుగా."

మా హోటల్లో ఒక మర్యాద ఉంది. రాజుకి ముప్పొస్తే ఎలాగూ చెప్తాం. మంత్రికి ముప్పొచ్చినా "మంత్రి" అని పైకి అంటాం. చెప్పకుండా కొట్టేసేవాడితో రెండోసారి ఎవరూ కూర్చోరు. ఆటంతటిలో చాసిబ్‌కి బాగా నచ్చింది ఇదే.

ఏటా చలికాలంలో మా రేవు జట్టు నలుగురు లాంచీలో ఫావ్ వెళ్ళి, అక్కడి రేవువాళ్ళతో ఆడతారు. ఆ ఏడు ముగ్గురు ఖాయమయ్యారు. నాలుగో చోటుకి నాకూ చాసిబ్‌కీ పోటీ పెట్టాడు మా రేవు క్లబ్బు కార్యదర్శి షెహాబ్. అది తెలిసిన దగ్గర్నుంచి చాసిబ్‌కి తిండి సయించలేదు.

"మొన్న రేవు గేటు దగ్గర కాపలావాడు నువ్వెవరని అడిగాడన్నా. నన్ను. ఒక్కసారి ఆ లాంచీ ఎక్కితే చాలు, మళ్ళీ రేవు మనిషినవుతా."

నేను తొమ్మిదేళ్ళుగా ఎక్కుతున్నాను. తప్పుకోవచ్చు. తప్పుకోలేదు.

"ఫావ్ పోటీ నియమాలే ఇక్కడా. ముట్టుకున్న పావు కదపాలి. మాటలుండకూడదు," అన్నాడు షెహాబ్, ఆట రోజున మా బల్ల పక్కన నిలబడి.

చాసిబ్ బాగా ఆడాడు, ఒప్పుకోవాలి. ఎత్తు వేయడం, లేచి బల్ల చుట్టూ ఓ తిరుగుడు తిరగడం, కూర్చోవడం. అతని గుర్రం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో, నా మంత్రి మీదికి వచ్చింది. నేను గమనించలేదు. బంటు వైపు చెయ్యి చాపాను. అతను తుంటి రుద్దుకున్నాడు, పెదవి కొరుక్కున్నాడు, ఉండబట్టలేకపోయాడు.

"మంత్రి, అన్నా."

"మాటలొద్దన్నానా?" అని షెహాబ్ కసిరాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకుని మంత్రిని పక్కకి జరిపాను.

తర్వాత కాసేపటికి నేను గుర్రాన్ని కదిపితే, దాని వెనకున్న నా కోటకి అతని మంత్రి తిన్నగా ఎదురుపడింది. అతని చూపంతా నా రాజు మీదే ఉంది. నేను నోరు తెరవలేదు. అతను ఒక బంటుని ముందుకి తోశాడు. నేను మంత్రిని కొట్టేశాను.

అతను ఆ గడి వైపు చూసి, ఓడిపోయానన్నట్టు తన రాజుని పడుకోబెట్టాడు. తిట్టినా బాగుండేది.

"ఏం చాసిబ్, మీ గురువుగారు మంత్రి అనలేదేం?" అని చూస్తున్నవాళ్ళలో ఎవడో ఎగతాళి చేశాడు.

"ఆయనా గమనించి ఉండడు. చూసుంటే చెప్పేవాడే," అన్నాడు చాసిబ్ కోపంగా. "నాకు నేర్పిందే ఆయన."

నేను పావులు పెట్టెలో సర్దుతూ తలెత్తలేకపోయాను. శుక్రవారం పొద్దున్నే వెళ్ళి లాంచీ ఎక్కాను.