కాన్పుల వార్డుకు దొంగరాయి

1964 జనవరిలో నన్ను ప్రభుత్వ భవనాలు కట్టే శాఖలో ఆర్మూరు సబ్ డివిజన్‌కు సూపర్‌వైజర్‌గా వేశారు. ఇంజనీరింగ్‌లో డిప్లొమా చేసినవాడికి దొరికే మొదటి మెట్టు అది. నా పైన అసిస్టెంట్ ఇంజనీరు, ఆయన పైన నిజామాబాదులో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. నాకింకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. అంటే పై ఇద్దరిలో ఎవరు మొహం చిట్లించినా ఉద్యోగానికి ఎసరే. చేరగానే నాకు అప్పగించిన పని, ప్రభుత్వ దవాఖానాలో కొత్తగా కట్టిన కాన్పుల వార్డు ముందు గోడకు ఆర్టిఫిషియల్ స్టోన్ పలకలు వేయించడం.

ఆ పేరు వినని వారికి చెబుతాను. సిమెంటు, రాతిపొడి, కాస్త సున్నం కలిపి చెక్క అచ్చుల్లో పోస్తారు. గట్టిపడ్డాక పైముఖాన ఉలితో గంట్లు పెట్టి, చెక్కిన రాయిలా కనిపించేటట్టు చేస్తారు. వాటిని ఇటుక గోడకు ఇనుప కొక్కేలతో, సిమెంటుతో బిగిస్తారు. దూరం నుంచి చూస్తే రాతి మేడే. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు హైదరాబాదులో ఎక్కడో చూసి ముచ్చటపడి, వీటిని మా ఎస్టిమేటులో చేర్పించారు. గుట్ట నిండా నల్లరాళ్లున్న ఊళ్లో రాయిని పోత పోస్తున్నామని జనం నవ్వారు. "మా రాళ్లకేమైంది సారూ, జరమొచ్చిందా?" అని చాయ్ హోటల్ ఆయన కనబడ్డప్పుడల్లా అడిగేవాడు. వాటికి దొంగరాయి అని పేరు కూడా పెట్టారు. కొత్త విద్య నా చేతుల మీదుగా ఊళ్లోకి వస్తోందని నేను మాత్రం మురిసిపోయాను.

పలకలు పోయడానికి మార్కెట్ యార్డు పక్కన ఖాళీ జాగా దొరికింది. పోసినవాటిని గట్టిపడేదాకా తడుపుతూ ఉండాలి, దాన్నే క్యూరింగ్ అంటారు. అవి పసుపు దిగే రోజులు. అంకాపూర్, వేల్పూరు ఊళ్ల నుంచి పసుపు బండ్లు బారులు తీరేవి. కొమ్ములను డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పట్టేచోట లేచిన దుమ్ము తడి పలకల మీద పడింది. అక్కడక్కడా ఎర్రని మచ్చలు తేలాయి. తుడిపించి బిగించేశాను. గోడ కూడా మార్కెట్ దారి మీదే ఉంది, దుమ్ము అక్కడికీ వచ్చింది. బిగించిన పలకలను తడపడం మొదలుపెట్టేసరికి వాకిలి పైనుంచి ఎర్రటి నీళ్లు ధారలు కట్టి గడప ముందు మడుగయ్యాయి. పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపవుతుందని మన ఇళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. మా అమ్మ ఎన్నిసార్లు పళ్లెంలో కలిపి నాకు దిష్టి తీసిందో. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

లాంఛనంగా ప్రారంభం కాకపోయినా ఆ వార్డులో కాన్పులు జరుగుతూనే ఉన్నాయి. ఆ పని చూసే నర్సు రత్నమ్మగారు డిచ్‌పల్లి వైపు క్రైస్తవ కుటుంబం మనిషి. ఇంట్లో మంత్రసాని చేతుల్లోనే కాన్పు అనుకునే ఆడవాళ్లను ఊరూరా తిరిగి, బతిమాలి, దవాఖానాకు అలవాటు చేశారు. ఆవిడ నన్ను పిలిపించి, "గోడ ఎట్లున్నా నాకేం లేదు సార్. గింత కష్టపడి గీ ఆడోళ్లను తలుపు దాక తెచ్చిన. గిప్పుడు గడప కాడికొచ్చి మర్లిపోతున్నరు," అన్నారు.

నెత్తురనుకుని భయపడుతున్నారు కాబోలు, చదువుకున్నవాణ్ని నేను చెబితే వింటారు అనుకున్నాను. గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లకు పసుపు సంగతీ సున్నం సంగతీ విడమరిచి చెప్పాను. వేల్పూరు నుంచి కడుపుతో ఉన్న కోడలిని చూపించడానికి తెచ్చిన గంగవ్వ అనే పెద్దావిడ చివరిదాకా ఓపికగా వింది.

"గది మాకు తెల్వదా సారూ? పసుపు, సున్నమని తెల్సే నిలబడ్డం. దిష్టి తీసి, ఎవ్వరు తొక్కని జాగల పారబోసే నీళ్లు గవి. కడుపుతోని ఉన్న పిల్లను గవి తొక్కిచ్చుకుంట లోపలికెట్ల తోల్కపోవాలె?" అంది.

నేను తిన్నగా ఆఫీసుకు వెళ్లాను. అసిస్టెంట్ ఇంజనీరుకు సంగతి చెప్పి, పలకలు ఊడదీయిద్దామన్నాను. ఆయన పైవారిని అడిగారు. ప్రారంభోత్సవానికి పెద్దలు వస్తున్నారు, ఎరుపు కనబడకుండా వెంటనే వెల్ల వేయించమని ఉత్తర్వు వచ్చింది. వెల్ల అంటే మళ్లీ సున్నమే, బయట పసుపు దుమ్ము అలాగే ఉంది. ఏమవుతుందో ఈసారి నాకు బాగా తెలుసు. "సార్, మళ్లీ ఎర్రబడుతుందేమో," అని నసిగాను. ఆర్డర్ ఆర్డరే అన్నారాయన. ప్రొబేషన్ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. దగ్గరుండి వెల్ల వేయించాను. ఆరకముందే గోడ మునుపటికంటే ముదురుగా ఎర్రబడింది, గడప ముందు మళ్లీ ఎర్రటి మడుగు కట్టింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం గంగవ్వ కోడలిని నొప్పులతో బండిలో తెచ్చారు. గంగవ్వ దిగి గడప దాకా వచ్చి గోడను చూసింది, నన్ను చూసింది.

"ఒకపారి చెప్పిన గద సారూ. మల్లా గదే పూసినవు," అంది. గొంతు పెంచలేదు. బండి తిప్పమని కొడుకుతో చెప్పింది.

రత్నమ్మగారు వెనక తలుపు నుంచి తీసుకెళ్దామని బతిమాలారు, కానీ వెనక తలుపుకు అడ్డంగా మా మిగులు పలకలే పేర్చి ఉన్నాయి. నేను కూలీలను కేకేసి అవి తీయించేలోపే బండి కదిలింది. రత్నమ్మగారు మందుల సంచీ పట్టుకుని పరుగున వెళ్లి అదే బండి ఎక్కారు. నేను గేటు దగ్గర తలవంచుకుని నిలబడ్డాను. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ తిరిగొచ్చారు. "తొవ్వలనే, బండ్లనే కాన్పయింది సార్. తల్లి బతికింది. పిల్లగాడు దక్కలే," అన్నారు. దవాఖానాలో అయితే దక్కేవాడా అని అడిగాను. ఆవిడ సంచీ కింద పెట్టి, "చెప్పలేను సార్," అన్నారు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఆ పూటే ఎవరినీ అడక్కుండా కూలీలను పెట్టి పలకలన్నీ ఊడదీయించాను. గడప కడిగించాను. ప్రారంభోత్సవం ఉత్త ఇటుక గోడ ముందే జరిగింది. ఆడవాళ్లు మళ్లీ రావడం మొదలుపెట్టారు. వేల్పూరు వైపు పని పడితే మాత్రం నేను ఇంకొకరిని పంపేవాణ్ని. గంగవ్వ ఎదురుపడుతుందేమోనని భయం.

అనుమతి లేకుండా ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించానని నాకు మెమో వచ్చింది, ప్రొబేషన్ పొడిగించారు. తెలిసి తెలిసి రెండోసారి సున్నం పూయించినందుకు నన్ను ఎవరూ సంజాయిషీ అడగలేదు. శాఖ దృష్టిలో అది సక్రమంగా జరిగిన పని. ఆ తర్వాత ఉద్యోగమంతా, ఏ భవనానికి ఏ పని చేయించినా, ఆ గడప దాటాల్సిన వాళ్లను ముందు అడిగాను. ఇంకొకటి కూడా అక్కడే నేర్చుకున్నాను. తప్పని తెలిసిన ఉత్తర్వుకు ఒకసారి నసిగి, తర్వాత దాన్ని అమలు చేసినవాడు అడ్డు చెప్పినట్టు కాదు.