నాయిన అడిగే మూడో మాట

నల్లగొండలో నేను కిరాయికి ఉంటున్న గదిలో ఈ వానాకాలమంతా తడి గొంగడి వాసన. కుర్చీ మీద ఆరేసిన ఆ నల్ల గొంగడి మా నాయినది. గొర్రెబొచ్చు, నేతలో పట్టించిన చింతగింజల గంజి, బీడీ పొగ కలిసిన ఆ వాసనకు ఇంటామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడుతుంది, అయినా రోజూ రెండు పూటలా వచ్చి చూసి పోతుంది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే అచ్చంపేట పక్కన మా ఊరు, మా గొర్ల దొడ్డి, నేను ఏడో తరగతి చదివిన ఏడాది, అన్నీ వచ్చి ఎదురుగా కూర్చుంటాయి.

మాది గొర్ల కాపరుల ఇల్లు. ఎండలు ముదరగానే నాయిన, ఆయన తమ్ముడైన మా కాక మందను తోలుకుని అమ్రాబాద్ అడవి వైపు పోయేవారు. తొలకరికి తిరిగొచ్చేటప్పుడు నాయిన రుమాలులో మూటగట్టి తెచ్చే మొర్రిపండ్లు, తునికిపండ్లు సగం నలిగి, గొంగడి వాసన పట్టి ఉన్నా, వాటికోసం వాడకట్టు పిల్లలందరం కొట్టుకునేవాళ్లం. వానలు పడ్డాక ఎరువు కోసం రైతులు మా మందను తమ చేలల్లో ఆపించుకుని జొన్నలు కొలిచిచ్చేవారు, అమ్మ వాటితో గటక వండేది. చలికాలం ముందు బొచ్చు కత్తిరించే రోజున వాకిలంతా నల్లగా ఎగురుతూ, మా చిర్రగోనె ఆట మధ్యలోకి కూడా బొచ్చు వచ్చిపడేది; నాయిన తల్లి, మా అవ్వ, ఒక మూలన కూర్చుని దాన్ని ఏకుతూ, పొగాకు నములుతూ, దారిన పోయే ప్రతి మనిషినీ ఏదో ఒకటి అనేది. మా కులదైవం బీరప్ప పండుగకు పొటేలును కోసి వండితే, నాయిన ఒక తునక నోట్లో వేసుకుని ఉప్పు మీద తీర్పు చెప్పాకే మిగతావాళ్లకు విస్తరి పడేది. ఆ తీర్పంటే అమ్మకు ఒళ్లుమంట.

మా దొడ్డి వెనక చిన్న కంచె ఒకటి ఉండేది. మందలో ఏ గొర్రె అయినా మేత మాని తల వేలాడేస్తే, దాన్ని ఆ కంచెలో వేరుగా కట్టేసి, నీళ్లూ ఆకూ అక్కడే పెట్టి, అలికిడి చేయకుండా వదిలేసేవారు. మిగతావాటికి రోగం అంటదు, దానికీ నెమ్మది దొరుకుతుంది. తాతల నాటి పద్ధతి అది, గొర్రెల విషయంలో చాలావరకు పనిచేసేది.

నేను ఏడో తరగతిలో ఉండగా, సర్కారు ఊళ్లో గొర్రెలు పంచిన ఏడాది మా మంద పెరిగింది, వానలూ బాగానే పడ్డాయి. సరిగ్గా ఆ ఏడే నాయినకు మొదట మాట తగ్గింది, తర్వాత తిండి తగ్గింది. కోడి కూయకముందే లేచి గోడవైపు చూస్తూ కూర్చునేవాడు. ప్రతి గొర్రెనూ పేరు పెట్టి పిలిచే మనిషి, మంద ఎదురుగా వచ్చినా తలెత్తేవాడు కాదు. పండుగనాడు పొటేలు కూర ముందు పెడితే ఉప్పు సంగతే ఎత్తలేదు. అమ్మ ముందు సంతోషపడింది, ఆ తర్వాత భయపడింది.

ఇంటికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "ఏం తక్కువైందిరా నీకు? మంద పెరిగె, వానలు గొట్టె. లేసి పనిజేస్కో."

అడవిలో గాలి సోకిందని అవ్వ తాయెత్తు కట్టించింది, బీరప్పకు ఇంకో పొటేలును మొక్కింది. గొర్లకు టీకాలు వేయడానికి వచ్చిన పశువుల డాక్టరును కాక పక్కకు పిలిచి, "సార్, మా అన్న గూడ గిట్లనే మేత మానిండు, ఏమన్న సూది ఉంటదా?" అని అడిగాడు. ఆయన నవ్వలేదు. "మనుషుల డాక్టర్‌కు సూపియ్యిర్రి," అన్నాడు. అన్నను పిచ్చి దవాఖానలో పడేస్తారేమోనని కాక ఆ మాట ఇంట్లో చెప్పనేలేదు.

చివరికి మావాళ్లు తమకు తెలిసిన వైద్యమే చేశారు. ఆ కంచె పక్కనున్న రేకుల కొట్టంలో నాయినకు మంచం వేశారు. "ఎవ్వరు సతాయించకుర్రి, పండనియ్యిర్రి," అంది అవ్వ. అదంతా ప్రేమతో చేసిన పనే. అన్నం నేను తీసుకుపోయి, అలికిడి చేయకుండా పెట్టి వచ్చేదాన్ని; తర్వాత పోయి చూస్తే ముద్ద చీమలు పట్టి ఉండేది, నాయిన గొంగడి కింద ముడుచుకుని ఉండేవాడు. నాకు ఆ కొట్టంలోకి పోవాలన్నా దిగులే, పోకుండా ఉండాలన్నా దిగులే.

ఒక పొద్దున గటక తీసుకుపోతే నాయిన లేచి కూర్చుని, దిండు కింది నుంచి తన కత్తెర తీసి నా చేతిలో పెట్టాడు. బొచ్చు కత్తిరించే కత్తెరను మా కాపరులు ఎవరికీ ఇవ్వరు. చేయి మారితే పదును పోతుందని సొంత తమ్ముడు అడిగినా ఇవ్వరు.

"మీ కాకకియ్యి బిడ్డా. ఇగ నాకెందుకు," అన్నాడు.

నేను దాన్ని తెచ్చి అమ్మకు చూపించాను. పిండి చేతులతోనే అమ్మ కొట్టంలోకి ఉరికింది. "వేరుగ వెట్టి మనమే సంపుకుంటున్నం అత్తమ్మా!" అని ఆమె అరిచిన అరుపు వాడకట్టంతా వినబడింది. మంచాన్ని తానే ఈడ్చుకొచ్చి నడింట్లో వేసింది. ఆ పూటే నాయినను అచ్చంపేట సర్కారు దవాఖానకు తీసుకుపోయింది, అవ్వనూ నన్నూ వెంటబెట్టుకుంది.

అక్కడి డాక్టరమ్మ నిద్ర గురించి, తిండి గురించి అడిగింది. అన్నిటికీ అమ్మే జవాబు చెబుతుంటే, "ఆయననే చెప్పనియ్యమ్మా," అంది. తర్వాత నాయిన ముఖంలోకి చూసి, అంతవరకు ఎవరూ అడగని మాట అడిగింది. "బతకబుద్ధి అయితుందా?"

అవ్వ నోరు కొట్టుకుంది. "గట్ల అడుగుతరా బిడ్డా? లేని బుద్ధి పుట్టదా?"

"అడిగితే పుట్టదవ్వా. అడగకుంటేనే లోపల్లోపల పెరుగుతది."

నాయిన, "అయితలేదు మేడం," అన్నాడు. అని, గొంగడిలో ముఖం దాచుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు, కానీ నాకు భయం వేయలేదు. అన్ని రోజుల తర్వాత ఆయన లోపలి మాట విన్నాను.

ఇది డిప్రెషన్ అనే జబ్బని, గాలీ ధూళీ, సోమరితనం ఏమీ కాదని, బీపీకి ఉన్నట్టే దీనికీ మందు ఉందని డాక్టరమ్మ చెప్పింది. మనిషిని ఒంటరిగా మాత్రం వదలొద్దంది. మనసు డాక్టరుకు చూపించమని పాలమూరు పెద్ద దవాఖానకు పంపింది.

అక్కడ రాసిచ్చిన గోలీలు వెంటనే పనిచేయలేదు. కొన్ని వారాలపాటు నోరెండడం, మత్తు తప్ప ఏమీ కనబడక కాక విసుక్కున్నాడు, అయినా పొద్దున్నే వచ్చి నాయినను కొంత దూరం మంద వెంట నడిపించేవాడు. మంచం నడింట్లో ఉంది కాబట్టి మేం దాని పక్కనే అష్టచెమ్మ ఆడేవాళ్లం, అవ్వ దాని పక్కనే బొచ్చు ఏకేది. ఒకనాడు నాయిన కూర నోట్లో పెట్టుకుని, "ఉప్పు జాస్తయింది," అన్నాడు. అమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బాగయ్యాక, గొర్రెకు కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు పోసినట్టు ఇదీ ఒక్కసారితో సరి అనుకుని నాయిన గోలీలు ఆపేశాడు, మళ్లీ మంచం పట్టాడు. ఆ తర్వాత డాక్టరే ఇక చాలని చెప్పేదాకా అమ్మ రోజూ ఆయన దవడ పట్టుకుని, మింగాడో లేదో చూసి వదిలేది.

ఇప్పుడు ఆ కంచె లేదు, ఆ జాగాలో స్నానాల గది కట్టారు. అవ్వ పోయింది. గొంగళ్లు నేసేవాళ్లు ఊళ్లో మిగల్లేదు, కత్తిరించిన బొచ్చును కొనేవాళ్లు లేక గట్టు మీద పారబోస్తున్నారు. మంద చిన్నదై అడవి దారి మరిచింది, మొర్రిపండ్ల రుచి తలచుకుందామన్నా నాకు గుర్తు రావడం లేదు. నేను డిగ్రీ చదివి ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. రోజూ సాయంత్రం నాయిన ఫోన్ చేసి మూడు మాటలు అడుగుతాడు. తిన్నవా? నిద్రవట్టిందా? బతకబుద్ధి అయితుందా? మూడోదానికి నేను సిగ్గుపడి నవ్వేసేదాన్ని.

ఈ వానాకాలం మొదట్లో నాకు బడికి పోబుద్ధి కాలేదు. వండుకోవడం మానేసి, గోడవైపు తిరిగి పడుకుని, అలసట అనుకున్నాను. ఒక సాయంత్రం నాయిన మూడో మాట అడిగితే నవ్వు రాలేదు, జవాబూ రాలేదు.

"ఫోన్ వెట్టకు. ఇంటామెను పిలువు," అన్నాడు.

ఆమెకు ఏం చెప్పాడో గానీ, ఆమె పనులన్నీ వదిలి నా పక్కనే కూర్చుంది, అక్కడే పడుకుంది. పొద్దున తొలి బస్సుకు నాయిన దిగి, బస్టాండు నుంచి వానలోనే నడిచొచ్చాడు. గొంగడి నుంచి నీళ్లు కారుతుండగానే నన్ను దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు అడుగుతుంటే నేను నాయిన వైపు చూశాను. "నేను జెప్ప. నువ్వే జెప్పాలె బిడ్డా," అన్నాడు. చెప్పాను.

వారం పైనే ఉండి, డాక్టరు రాసిచ్చిన గోలీలు దగ్గరుండి మింగించి, ఇంటామెకు అన్ని జాగ్రత్తలూ చెప్పి, గొంగడిని ఇక్కడే వదిలేసి పోయాడు. నిన్న సాయంత్రం ఫోన్‌లో మొదటి రెండింటికీ జవాబు చెప్పాను. మూడోదానికి, "జర జర అయితుంది నాయినా," అన్నాను.

అవతల ఆయన గొర్రెలను అదిలించడం వినిపించింది.

"మంచిది బిడ్డా," అన్నాడు. "బాగైందని నేను ఆపినట్టు గోలి ఆపకు."